కాలిన చోట కొత్త చర్మం మొలుస్తుందా? పొలం అమ్మే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది కందుకూరు దగ్గర ఊరు. 5 నెలల కిందట గ్యాస్ లీకై మీ చెల్లెలికి మెడ, ఛాతీ, కుడి చెయ్యి కలిపి 30 శాతం దాకా కాలింది. ప్రాణం దక్కింది. తొడ చర్మం తీసి రెండుసార్లు అతికించారు. ఇప్పుడు గడ్డం ఛాతీ వైపు లాగుతోంది, మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతోంది. ఒక సిటీలో "మూలకణాలతో (స్టెమ్ సెల్స్) మచ్చలేని కొత్త చర్మం మొలిపిస్తాం, 6 ఇంజెక్షన్లు, 5 లక్షలు" అన్నారు. అర ఎకరం అమ్ముదామా అని ఇంట్లో మాట నడుస్తోంది. డయాలసిస్ మీద ఉన్న మీ నాన్నగారికి ల్యాబ్‌లో కిడ్నీ తయారుచేస్తారా అని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్తాను, తర్వాత వివరం. పొలం అమ్మకండి. ఆ 6 ఇంజెక్షన్లతో మీ చెల్లెలి మెడ వదులవదు. అలాగని ఆమెకు చేయగలిగింది ఏమీ లేదనుకోకండి, చాలా ఉంది. అందులో సగం ఇంట్లో రోజూ చేసుకునేది, మిగతా సగం ప్లాస్టిక్ సర్జన్లు ఏళ్ల తరబడి చేస్తున్న ఆపరేషన్.

నేను 26 ఏళ్లు కాలిన గాయాల వార్డుల్లో పనిచేశాను. కొన్నాళ్లు చెన్నైలో, ఎక్కువ కాలం నెల్లూరులో. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కాలినవాళ్లు, పెళ్లి వంటల దగ్గర సాంబారు గంగాళంలో పడ్డ పిల్లలు, రొయ్యల గుంటల దగ్గర కరెంటు కొట్టినవాళ్లు, పొయ్యి దగ్గర చీర అంటుకున్న ఆడవాళ్లు. వాళ్లలో చాలామంది ఇంటివాళ్లు ఏదో ఒకరోజు మీరు అడిగిన ప్రశ్నే అడిగారు. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ల్యాబ్‌లో చర్మం పెంచడం నిజమే. 40 ఏళ్లకు పైగా జరుగుతోంది. కానీ అక్కడ పెరిగేది ముఖ్యంగా చర్మం పై పొర. మీ చెల్లెలు పోగొట్టుకున్నది కింది పొర. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఎవరు ఏ మాట చెప్పినా అందులో నిజమెంతో మీకే తెలిసిపోతుంది.

పై పొర కాగితమంత పల్చన, ఒంటి మీద చాలా చోట్ల 0.1 మిల్లీమీటరు. అందులో నెత్తురు నాళాలు ఉండవు. కణాలు అడుగున పుట్టి, సుమారు నెల రోజుల్లో పైకి చేరి, పొట్టులా రాలిపోతుంటాయి. కింది పొర 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందం. చర్మానికి బలం, సాగే గుణం, నెత్తురు, స్పర్శ, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అన్నీ అక్కడే. మన మాగాణి మాటల్లో చెప్పాలంటే పై పొర పైరు, కింది పొర నేల. పైరు పోతే మళ్లీ నాటుకోవచ్చు. పెన్నా పొంగి నేలే కోసుకుపోతే ఏం నాటుతాం?

టీ ఒలికి బొబ్బ వచ్చినా, మోకాలు గీరుకుపోయినా పెద్దగా మచ్చ లేకుండా మానేది నేల మిగిలింది కాబట్టే. కుదుళ్లలో, చెమట గ్రంథుల్లో మిగిలిన కణాలు విత్తనాల్లా మొలిచి 10, 14 రోజుల్లో పై పొరను పరిచేస్తాయి. మీరు పుస్తకాల్లో చదివే చర్మపు మూలకణాలు ఇవే. కింది పొర పూర్తిగా కాలితే ఆ విత్తనాలూ పోతాయి. ఇక శరీరానికి తెలిసిన ఉపాయం ఒక్కటే. గాయం అంచుల్ని దగ్గరికి లాక్కొని, మధ్య ఖాళీని గట్టి పీచుతో పూడ్చేస్తుంది. ఆ పీచే మచ్చ. ఆ లాగుడే మీ చెల్లెలి గడ్డాన్ని కిందికి దించుతోంది. అసలు చర్మంలో పీచు బుట్ట అల్లికలా అన్ని వైపులకూ ఉంటుంది, అందుకే సాగుతుంది. మచ్చలో ఒకే వైపు తాళ్లు పేనినట్టు ఉంటుంది.

మీ చెల్లెలి తొడ మీద ఏం చేశారో చెప్తాను, ఎందుకంటే ఆ ఆపరేషన్‌ను మన వాళ్లు తక్కువగా చూస్తారు. "తొడ తోలు తీసి అతికించారంతే" అంటారు. తొడకు లిక్విడ్ పారఫిన్ రాస్తాం. ఒకరు చెక్కపలకతో చర్మాన్ని బిగబట్టి ఉంచుతారు. పొడవాటి హంబీ కత్తితోనో, కరెంటుతో నడిచే డెర్మటోమ్‌తోనో రంపం కోసినట్టు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పోతే చర్మం పల్చటి రేకులా లేచి వస్తుంది. తడిసిన ఉల్లిపొర ఎలా ఉంటుందో అలా, అవతల వేలు కనిపించేంత పల్చగా. కత్తి దాటిన చోట తెల్లటి నేల మీద నెత్తుటి చుక్కలు తేలతాయి. సన్నగా, దగ్గర దగ్గరగా తేలితే పల్చగా తీశామని గుర్తు. పెద్దవిగా, దూరం దూరంగా తేలితే లోతుకు పోయామని గుర్తు. నేను నేర్చుకునే రోజుల్లో మా సీనియర్ నా చెయ్యి చూసేవారు కాదు, ఆ చుక్కల్ని చూసి "చాలు, లోతు తగ్గించు" అనేవారు. మామూలుగా 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మందం తీస్తాం. అంటే పై పొర మొత్తం, దానితో పాటు కింది పొరలో కొంచెం.

తీసినదాన్ని మెషర్ అనే చిన్న యంత్రంలో పెట్టి తిప్పితే చేపల వలలా కన్నాలు పడి, సాగదీస్తే రెండింతలు, మూడింతలు అవుతుంది. గాయం మీద పరుస్తాం. మొదటి 2 రోజులు దానికి సొంత నెత్తురు ఉండదు, కింద ఊరే ద్రవాన్నే పీల్చుకొని బతుకుతుంది. 3వ రోజుకు కింది నాళాలు దాని నాళాలతో కలుస్తాయి. 5వ రోజు కట్టు విప్పుతాం. ఆ ఉదయం మా వార్డులో అందరికీ టెన్షనే. పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక బ్యారన్ కూలీ భార్య కట్టు విప్పుతున్నంతసేపూ కళ్లు మూసుకొని కూర్చునేది. చివరి కట్టుగుడ్డ పొరను సెలైన్‌తో తడిపి, వేలితో అదిమి, మెల్లగా లేపుతాం. కింద లేత గులాబీ రంగు కనిపించి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ రంగు తిరిగితే నెత్తురు ఆడుతున్నట్టు. "పట్టింది తల్లీ" అన్నాకే ఆమె కళ్లు తెరిచింది.

ఇది కూడా కణజాల వైద్యమే. శరీరంలో ఒక చోటి విత్తనాన్ని ఇంకోచోట నాటి, తీసిన చోట అదే మళ్లీ మొలిచేలా చూసుకోవడం. తొడ మీద తీసిన చోటు 2 వారాల్లో మానుతుంది, అవసరమైతే 3 వారాల తర్వాత అక్కడి నుంచే మళ్లీ తీయొచ్చు. లోటల్లా ఇందులో వెళ్లే కింది పొర చాలా తక్కువ కావడం. ఎంత పల్చగా తీస్తే అంత సులువుగా పడుతుంది, తర్వాత అంతగానూ ముడుచుకుంటుంది. మెడ లాంటి కదిలే చోట ఆ ముడత పెద్ద కష్టం తెస్తుంది. మీ చెల్లెలికి డాక్టర్లు తప్పు చేశారని నేననుకోవడం లేదు. ప్రాణం కాపాడే సమయంలో ముందు గాయం మూయాలి, అందానికీ కదలికకూ తర్వాత మళ్లీ వస్తాం.

ఇక ల్యాబ్ సంగతి. 1975లో అమెరికాలో హొవార్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే ఇద్దరు మనిషి చర్మపు పై పొర కణాలను గిన్నెలో పెంచే పద్ధతి కనిపెట్టారు. అంతకుముందు ఆ కణాలు గిన్నెలో సరిగా పెరిగేవి కావు. వీళ్లు అడుగున ఎలుక కణాలను పరిచి, వాటిని పెరగకుండా ఆపి, వాటి మీద మనిషి కణాలను పెంచారు. 1983లో వయోమింగ్ రాష్ట్రంలో 5, 6 ఏళ్ల అన్నదమ్ములిద్దరికి ఒళ్లు 95 శాతానికి పైగా కాలింది. తొడ లేదు, వీపు లేదు, తీయడానికి చర్మమే లేదు. మిగిలిన కాస్త చర్మం నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచి, ఒంటికి అతికించారు. ఇద్దరూ బతికారు. మా తరం వాళ్లం ఆ కేసు చదివి నివ్వెరపోయాం. స్టాంపు అంత ముక్క నుంచి 3, 4 వారాల్లో ఒళ్లంతా కప్పేంత పొర వస్తుంది.

ఆ తర్వాత అనుభవం మీద లోపాలు తెలిశాయి. ఆ పొర కొద్ది కణాల మందమే. చీము పడితే కరిగిపోతుంది. పట్టినా కింద నేల లేదు కాబట్టి చిన్న రాపిడికి బొబ్బలు లేస్తాయి. ఖరీదు చెప్పనక్కర్లేదు. 2015లో జర్మనీలోని బోఖుమ్‌లో 7 ఏళ్ల సిరియా పిల్లవాడికి ఒంటి మీద 80 శాతం చర్మాన్ని ఇలా పెంచి మార్చారు. ముట్టుకుంటే ఊడిపోయే చర్మంతో పుట్టిన బిడ్డ. ఇటలీకి చెందిన మికేలె డి లూకా బృందం అతని కణాల్లోని జన్యులోపాన్ని సరిచేసి మరీ పెంచింది. 2017లో ఆ వివరాలు బయటికి వచ్చినప్పుడు మన పత్రికలు కూడా రాశాయి. గొప్ప విజయం, సందేహం లేదు. అయితే ఆ జబ్బు దెబ్బతీసేది పై పొరనీ, అది కింది పొరకు అతుక్కునే చోటునీ. కింది పొర చాలావరకు మిగిలే ఉంటుంది. నేల ఉంది, పైరు మార్చారు. నేలే కాలిపోయిన మనిషికి అదే ఫలితం వస్తుందనుకోకూడదు.

నేలను తయారుచేసే ప్రయత్నాలూ ఉన్నాయి. మీ చెల్లెలికి పనికొచ్చే విజ్ఞానం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. 1981లో జాన్ బర్క్ అనే సర్జన్, అయోనిస్ యానస్ అనే ఇంజనీరు కలిసి ఆవు నుంచి తీసిన కొలాజెన్ అనే పీచు పదార్థానికి షార్క్ చేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కలిపి, స్పాంజి లాంటి పొర చేశారు. పైన పల్చటి సిలికాన్ పొర. గాయం మీద పరిస్తే కింది నుంచి నాళాలు, కణాలు ఆ స్పాంజిలోకి పాకి, 3 వారాల ప్రాంతంలో కింది పొర లాంటిది కట్టుకుంటుంది. అప్పుడు సిలికాన్ తీసేసి, మీద సొంత చర్మాన్ని బాగా పల్చగా వేస్తారు. ఇంటెగ్రా అనే పేరుతో 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన దేశంలోనూ వాడుతున్నారు. మెడ ముడుత విప్పాక ఏర్పడే పెద్ద ఖాళీని పూడ్చడానికి ఇది బాగా అక్కరకొస్తుంది. ఖరీదు ఎక్కువే. చీము పడితే మొత్తం తీసేయాల్సి వస్తుంది. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ పంది పిత్తాశయం నుంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన పీచు చట్రంతో కోలిడెర్మ్ అనే పొరను తయారుచేసింది. గాయాలు మానడానికి వాడే ఆ పొరకు 2023లో డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి వచ్చింది. ఇలాంటివి వాడేటప్పుడు అది ఏ జంతువు నుంచి వచ్చిందో డాక్టరు ముందే చెప్పాలి, మీరు అడగాలి. కొందరికి ఆవు పట్టింపు, కొందరికి పంది పట్టింపు. ఆపరేషన్ అయ్యాక తెలిసి బాధపడ్డ కుటుంబాలను చూశాను.

వీటిలో వేటితోనూ చెమట గ్రంథులు తిరిగి రావు, వెంట్రుకలు రావు. ఇది మన జిల్లాల్లో చిన్న విషయం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో, ఒంట్లో మూడో వంతు చెమట పట్టని మనిషి పొలంలో నిలబడితే ఏమవుతుందో ఆలోచించండి. గ్రాఫ్ట్ చేసిన, అంటే ఇలా చర్మం అతికించిన, ప్రతి ఇంటికీ చెప్పేదాన్ని: మే నెలలో మధ్యాహ్నం బయటికి పంపకండి, తడిగుడ్డ చేతిలో పెట్టండి, కాలని చోట బట్ట వదులుగా ఉంచండి. మచ్చలేని, మామూలు చర్మం లాంటి చర్మం మొలిపిస్తామని ఎవరైనా అంటే "దానికి చెమట పడుతుందా?" అని అడగండి. ఈ రోజుకు అది ఎక్కడా మామూలు చికిత్సగా రాలేదు.

మూలకణాల వైద్యం అంతా మోసమా అంటే కాదు. మన పక్కనే గొప్ప ఉదాహరణ ఉంది. సున్నం డబ్బా కంట్లో పేలి నల్లగుడ్డు తెల్లబడ్డ పిల్లల్ని మీరూ చూసి ఉంటారు, తాంబూలం వేసుకునే ఇళ్లలో ఇది కొత్త కాదు. నల్లగుడ్డు అంచున సన్నటి వలయంలో దాని మూలకణాలు ఉంటాయి. సున్నం వాటిని కాల్చేస్తుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రెండో కంటి నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, ల్యాబ్‌లో పెంచి అతికించేవాళ్లు. తర్వాత డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబ్ అవసరమే లేకుండా చేసింది. ఆ ముక్కనే చిన్న చిన్న తునకలు చేసి, మాయలోని ఉమ్మనీటి పొర మీద జిగురుతో అంటిస్తే కంటి మీదే పెరుగుతాయి. ఈ పద్ధతిని 2012లో ప్రకటించారు, ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. అక్కడ ఎందుకు కుదిరిందో గమనించండి. ఏ కణం పోయిందో స్పష్టంగా తెలుసు, అదే కణం రెండో కంట్లో ఉంది, పెట్టాల్సిన చోటు చిన్నది, పల్చనిది, పెరిగిందో లేదో కంటికి కనిపిస్తుంది. ఎముక మూలుగ మార్పిడి కూడా అంతే, నెత్తురు జబ్బులకు స్థిరపడిన చికిత్స. బొల్లి మచ్చలకు సొంత చర్మం నుంచి రంగు కణాలు తీసి చల్లడం మన దేశంలోనే చాలాచోట్ల చేస్తున్నారు.

మరి మీకు చెప్పిన ఆ 6 ఇంజెక్షన్లలో ఏ కణాలు ఉన్నాయి? వాళ్లను ఇవే అడగండి, కాగితం మీద రాసివ్వమనండి. కణాలు ఎవరివి, ఎక్కడి నుంచి తీస్తారు? దేనికి అనుమతి ఉంది, అనుమతి పత్రం ఏది? ఇది ట్రయల్ అయితే, అంటే మనుషుల మీద చేసే ప్రయోగ పరీక్ష అయితే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఎంత? 2017లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. నెత్తురు సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి తప్ప, మిగతా మూలకణ చికిత్సలు అనుమతి ఉన్న ట్రయల్‌లో భాగంగానే జరగాలి, మామూలు వైద్యంగా అమ్మకూడదు. ఆ తర్వాత కొన్ని ఉత్పత్తులకు విడిగా అనుమతులు వచ్చాయి, అవి మోకాలి అరుగుదల లాంటి వేరే జబ్బులకు. ట్రయల్ నిజమైనదైతే ప్రయోగంలో ఉన్న మందుకు మీ దగ్గర 5 లక్షలు తీసుకోరు. ట్రయల్ కాకపోతే అనుమతి చూపించాలి. రెండూ లేకపోతే లేచి వచ్చేయండి.

ఇది రాస్తుంటే ఒక పిల్లవాడు గుర్తొస్తున్నాడు. ప్రకాశం జిల్లా పడమటి మండలాల వాడు, 11 ఏళ్లు, దీపావళి మందు పేలి మెడ, గడ్డం కాలాయి. మా దగ్గర గ్రాఫ్ట్ చేశాం, 4 నెలలకు మెడ విప్పుదామని తేదీ కూడా ఇచ్చాం. రాలేదు. ఏడాది తర్వాత వచ్చారు. రెండు గేదెల్ని, కొంత చేనును అమ్మి ఎక్కడో మూలకణాల ఇంజెక్షన్లు వేయించారు. ఆ ఏడాదిలో మెడకు పెట్టే కాలర్ మానేశారు, వ్యాయామం మానేశారు, "ఇంజెక్షన్లు పనిచేస్తాయి, కదపొద్దు" అన్నారట. కింది పెదవి ఛాతీకి అతుక్కునేంతగా దిగిపోయింది, నోరు మూతపడక చొంగ కారుతోంది. మత్తు ఇవ్వాలంటే గొంతులోకి గొట్టం దింపడానికే మా మత్తు డాక్టరు గంట సేపు కష్టపడ్డారు. ఆపరేషన్ చేశాం, మెడ లేచింది. కానీ అప్పటికే కింది దవడ పళ్లు ముందుకు వంగిపోయాయి. పోయిన డబ్బుకంటే ఆ ఏడాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎదిగే పిల్లవాడి ఏడాది అది.

మీ నాన్నగారి కిడ్నీ గురించి. పల్చటి రేకు లాంటి చర్మం అన్నిటికంటే సులువు. గొట్టం దానికంటే కష్టం, సంచి ఇంకా కష్టం, గట్టి కండలాంటి కిడ్నీ, కాలేయం, గుండె అన్నిటికంటే కష్టం. కారణం నీళ్లు పారించడమే. సంగం ఆనకట్ట దగ్గర మళ్లిన పెన్నా నీళ్లు పెద్ద కాలువ, పిల్ల కాలువ, చివరికి మడిలో బోదె దాకా రాకపోతే మొక్క బతకదు కదా. ఒంట్లో కూడా నెత్తురు నాళం నుంచి సుమారు 0.2 మిల్లీమీటర్ల లోపు లేని కణం ఊపిరి అందక చచ్చిపోతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల వడపోత గొట్టాలు, ప్రతి దానికీ వచ్చే నాళం, పోయే నాళం. ఆ కాలువల వ్యవస్థను మనిషికి అమర్చేంతగా ఎవరూ ఇంకా కట్టలేదు. ఎలుకల్లో చట్రం మీద కణాలు పెంచి కొద్దిగా పనిచేయించారు, అంతవరకే. పిల్లలకు మూత్రాశయాన్ని ల్యాబ్‌లో పెంచి పెట్టామని 2006లో అమెరికాలో ఆంథోనీ అటాలా బృందం ప్రకటించింది, అది కూడా ఇప్పటికీ మామూలు చికిత్స కాలేదు. స్వీడన్‌లో పావొలో మక్యారీని అనే సర్జన్ ప్లాస్టిక్ గాలిగొట్టానికి మూలకణాలు పూసి 2011 నుంచి మనుషులకు పెట్టాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ రోగుల్లో చాలామంది ఒక్కొక్కరుగా చనిపోయారు, 2023లో అక్కడి అప్పీలు కోర్టు అతనికి రెండున్నరేళ్ల జైలు వేసింది. గొట్టానికే ఇంత జరిగింది. మీ నాన్నగారికి దారి డయాలసిస్ మానకుండా చేయించడం, ఇంట్లో సరిపోయే దాత ఉన్నారేమో నెఫ్రాలజిస్టుతో చూపించడం, చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించడం. ల్యాబ్ కిడ్నీ కోసం ఆగకండి.

ఇంకొక మాట, ఇది మీ చెల్లెలి కోసం కాదు, ఊరి కోసం. సగానికి పైగా కాలినవాళ్లకు సొంత చర్మం చాలదు. చనిపోయినవాళ్ల నుంచి తీసిన చర్మం వేస్తే 2, 3 వారాలు గాయాన్ని కాపాడి తర్వాత ఊడిపోతుంది, ఈలోపు సొంత చర్మం మళ్లీ తీసుకునే వ్యవధి దొరుకుతుంది. చనిపోయాక 6 గంటల్లోపు తీయాలి. తొడలు, కాళ్లు, వీపు నుంచి పల్చటి పొరే తీస్తారు, నెత్తురు కారదు, ముఖం చెదరదు, రక్తం గ్రూపు కలవనక్కర్లేదు. గ్లిసరాల్‌లో వేసి చల్లగా పెడితే 5 ఏళ్ల దాకా నిల్వ ఉంటుంది. ముంబై సయాన్ ఆసుపత్రిలో 2000లో చర్మ బ్యాంకు మొదలైంది, హైదరాబాద్ ఉస్మానియాలో 2021లో వచ్చింది. నేను పనిచేసినన్నాళ్లూ నెల్లూరు, ఒంగోలు వార్డులకు చేతికందే దూరంలో అలాంటిది లేదు. కళ్లు ఇవ్వడానికి ఒప్పుకునే కుటుంబాలు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నాయి. చర్మం కూడా ఇవ్వొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏ కణాలూ పెంచకుండా, కోట్లు పెట్టి ల్యాబ్‌లు కట్టకుండా, 60, 70 శాతం కాలినవాళ్లలో ఇంకొందరిని బతికించగల మార్గం ఇది. దీని కోసం మన రెండు జిల్లాల్లో డాక్టర్లు, లయన్స్, రోటరీ వాళ్లు గట్టిగా అడగాలని నా కోరిక.

ఇప్పుడు మీ చెల్లెలి దగ్గరికి. 5 నెలలంటే మచ్చ ఇంకా పచ్చిగా ఉంది. ఎర్రగా, ఉబ్బుగా, దురదగా ఉంటుంది. పూర్తిగా ముదరడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఈ సమయంలో మనం దాన్ని మన వైపు వంచుకోవచ్చు. కొలత తీసి కుట్టించిన బిగుతు బట్టలు రోజుకు 23 గంటలు, స్నానానికి, మర్దనకు తప్ప తీయకూడదు. సిలికాన్ షీటు మెడ మీద రోజుకు కనీసం 12 గంటలు. కొబ్బరినూనెతో రోజుకు నాలుగైదు సార్లు మచ్చ తెల్లబడేంత గట్టిగా మర్దన. మెడకు కాలర్, మోచేతికి రాత్రిపూట చెయ్యి చాచి ఉంచే స్ప్లింట్. ఫిజియోథెరపీ నొప్పిగా ఉంటుంది, ఆమె ఏడుస్తుంది, మీరు జాలిపడి ఆపకండి. పక్కన కూర్చొని పాటలు పెట్టండి, ఇంకేమైనా చేయండి, ఆపకండి.

వీటన్నిటితో కూడా గడ్డం దిగుతూనే ఉంటే, నోరు మూయలేకపోయినా, కింది పెదవి లాగినా ఏడాది దాకా ఆగనక్కర్లేదు, మెడ విప్పే ఆపరేషన్ ముందే చేస్తారు. మచ్చను అడ్డంగా కోసి మెడను పైకి లేపి, ఏర్పడిన ఖాళీలో మందపాటి గ్రాఫ్ట్ గానీ, పక్క నుంచి తిప్పిన కండతో కూడిన చర్మం గానీ, వీలుంటే నేను చెప్పిన కింది పొర స్పాంజి గానీ పెడతారు. కాలిన గాయాలూ, వాటి ముడుతల ఆపరేషన్లూ ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, పాత డిశ్చార్జి కాగితాలు తీసుకొని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి, ఒంగోలైనా నెల్లూరైనా. మచ్చ కింద సొంత కొవ్వు ఎక్కించడం, లేజర్ లాంటివి మచ్చను కొంత మెత్తబరుస్తాయి, అవి తర్వాతి మాట. ముందు మెడ లేవాలి.

నెల్లూరు దాకా రాగలిగితే సర్జన్‌కు చూపించే ముందు మూడు ఫోటోలు తీయండి. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, తల వీలైనంత వెనక్కి వంచి ఒకటి. తేదీ రాసి దాచండి, నెలనెలా అలాగే తీయండి. పట్టుకుంటున్నదో వదులవుతున్నదో ఆ ఫోటోలే చెప్తాయి.

ఈ రాత్రి చేయాల్సింది ఒకటుంది, దానికి ఖర్చు లేదు. తల కింద దిండు తీసేయండి. ఒక పాత దుప్పటిని గట్టిగా చుట్టి భుజాల కింద అడ్డంగా పెట్టండి, తల వెనక్కి వాలి గడ్డం పైకి లేచేలా. మొదట నిద్ర పట్టదు, నాలుగైదు రోజులకు అలవాటవుతుంది. పొద్దున లేచాక ఆమె గడ్డానికీ ఛాతీ మీది ఎముకకూ మధ్య మీ వేళ్లు ఎన్ని పడుతున్నాయో కొలిచి రాసుకోండి.